పనిచేసే చేతికి తెలిసిన సంగతి

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పరిశ్రమలలో కొత్తదనం ఎక్కడినుంచి వస్తుంది?" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. ఈ మాట వినగానే చాలామందికి పెద్ద పెద్ద లాబొరేటరీలు, తెల్లకోట్లు వేసుకున్న శాస్త్రజ్ఞులు, విదేశాల్లో చదివి వచ్చిన ఇంజనీర్లు కళ్ళముందు మెదులుతారు. వారి కృషిని మేము తక్కువ చేయటం లేదు. కాని ఇవాళ మేము చెప్పదలచుకున్నది వారి గురించి కాదు. యంత్రం ముందు నిలబడి ఎనిమిది గంటలు పనిచేసే మనిషి గురించి. అతనికి తెలిసిన సంగతుల గురించి. ఆ సంగతులు అతని దగ్గరే ఉండిపోకుండా కంపెనీకీ, పదిమందికీ పనికిరావాలంటే పనిచేసే చోట ఎలాంటి పద్ధతులు ఉండాలన్న దాని గురించి.

ఇది మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. మన సభ్యుల జాబితా ఒకసారి తిరగేసి చూడండి. లేత్ మీద పనిచేసేవారున్నారు. మోటారు మెకానిక్కులున్నారు. వెల్డర్లు, దర్జీలు, బేకరీ పనివారు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఇళ్ళలో కుట్టుమిషన్ మీద కుటుంబాన్ని నడుపుతున్న తల్లులున్నారు. వీరిలో చాలామంది నోట మేము ఒకే మాట విన్నాం: "మాకేం తెలుసు సార్, మేము చదువుకోలేదు." ఈ మాట నిజం కాదని చెప్పడానికే మేము ఇక్కడ నిలబడ్డాం. ఈ మాటను నమ్మిన మనిషికీ నష్టమే, అతన్ని పనిలో పెట్టుకున్న కంపెనీకీ నష్టమే.

చేతికి తెలుసు, నోటికి రాదు

లేత్ మీద ఇరవై ఏళ్ళు చేసిన టర్నర్‌ను గమనించండి. ఇనుము కోస్తున్నప్పుడు వచ్చే చప్పుడు కొంచెం మారితే చాలు, అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నవాడు టక్కున వెనక్కి తిరుగుతాడు. టూలు మొద్దుబారిందని అతని చెవికి తెలిసిపోతుంది. ఎలా తెలిసిందయ్యా అంటే, "తెలుస్తుంది సార్" అంటాడు తప్ప వివరం చెప్పలేడు. మన పెళ్ళిళ్ళలో బిర్యానీ వండే వంటమాస్టరునే తీసుకోండి. దమ్ము ఎప్పుడు దించాలో గడియారం చూసి చెప్పడు. మూత అంచునుంచి వచ్చే ఆవిరి, వాసన చూసి చెబుతాడు. దీన్ని ఏ పుస్తకంలోనూ పూర్తిగా రాయలేం. ఇది కూడా చదువే. ఉస్తాదు పక్కన నిలబడి, చూసి, చేసి, తప్పు చేసి తిట్లుతిని, మళ్ళీ చేసి నేర్చుకున్న చదువు.

ఈ చదువు కంపెనీకి ఎలా పనికొచ్చిందో ఒక ఉదాహరణ చెబుతాం. ఇంట్లో ఆడవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. జపానులోని ఒసాకాలో మత్సుషిత ఎలక్ట్రిక్ అనే కంపెనీ ఉండేది. నేషనల్, పానాసోనిక్ పేర్లతో దాని సామాన్లు మన ఇళ్ళకూ వచ్చాయి. 1985 ప్రాంతంలో ఆ కంపెనీవారు ఇంట్లోనే రొట్టె చేసే యంత్రం తయారుచేయాలని పూనుకున్నారు. పిండి, నీళ్ళు, ఈస్టు వేసి మీట నొక్కితే రొట్టె తయారవ్వాలి. యంత్రమైతే తయారైంది గాని రొట్టె సరిగా రాలేదు. పైన మాడిపోయేది, లోపల పచ్చిగా ఉండేది. ఇంజనీర్లు తలలు పట్టుకున్నారు. యంత్రం కలిపిన పిండికీ, రొట్టెల మాస్టరు కలిపిన పిండికీ ఎక్స్‌రేలు తీసి పోల్చి చూశారు. అయినా మర్మం అందలేదు.

ఆ బృందంలో ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఉన్నారు. ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్లో రొట్టెలు బాగుంటాయని పేరు. ఆమె అక్కడి పెద్ద మాస్టరు దగ్గర శిష్యురాలిగా చేరి పిండి కలపటం నేర్చుకున్నారు. అక్కడ ఆమె కంట్లో పడ్డ సంగతి ఇది: మాస్టరు పిండిని ఊరికే పిసకటం లేదు, ఒక తీరుగా సాగదీస్తూ మెలిపెడుతున్నాడు. అలా చేస్తున్నానని చెప్పమంటే ఆ మాస్టరు చెప్పగలిగేవాడో లేదో! అతని చేతికి తెలుసు, అంతే. ఆమె తిరిగివచ్చి ఇంజనీర్లతో కూర్చుని, చేసి చూసి, మార్చి చూసి, చివరకు యంత్రం గిన్నె లోపల గోడలకు పట్టీల్లాంటి గట్లు పెట్టించారు. పిండి వాటికి తగిలి సాగి మెలితిరగటం మొదలుపెట్టింది. 1987లో ఆ యంత్రం బజారులోకి వచ్చి బాగా అమ్ముడుపోయింది.

ఇందులో మనం గమనించవలసింది రెండు సంగతులు. ఇంజనీర్ల చదువుకు అందని ముడిని వంటింటి అనుభవం విప్పింది. ఇది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ అనుభవం దగ్గరకు నడిచివెళ్ళి, శిష్యరికం చేసి నేర్చుకోవటానికి ఒక ఉద్యోగిని సిద్ధపడింది, కంపెనీ అందుకు వీలు కల్పించింది. పనివాడికి తెలిసి ఉంటే సరిపోదు. అడిగేవాడుండాలి. వినే పద్ధతి ఉండాలి.

ఆలోచించేవాడొకడు, చేసేవాడొకడు

మరి మామూలుగా కంపెనీలు ఎందుకు అడగవు? దీని వెనుక ఒక పాత సిద్ధాంతం ఉంది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు 1911లో శాస్త్రీయ నిర్వహణ సూత్రాల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. గడియారం పెట్టి ప్రతి పనినీ కొలిచి, ఏ కదలిక ఎంతసేపు పట్టాలో ఆఫీసులో నిర్ణయించాలన్నది ఆయన పద్ధతి. పనివాళ్ళకు తరతరాలుగా వచ్చిన తెలివి ఉందని ఆయన కాదనలేదు. కాని ఆ తెలివినంతా సేకరించి మేనేజర్ల చేతిలో పెట్టాలన్నాడు. అక్కడినుంచి ఆలోచించడం ఆఫీసు పని, చెప్పింది చేయడం పనివాడి పని. దీనివల్ల చాలాచోట్ల ఉత్పత్తి పెరిగిన మాట నిజమే. కాని ఒకసారి సేకరించిన తెలివి కాగితం మీద అక్కడే ఆగిపోతుంది. పని మాత్రం రోజూ మారుతూ ఉంటుంది. కొత్త సరుకు వస్తుంది, యంత్రం అరుగుతుంది, వానాకాలంలో ఒక రకంగా, ఎండాకాలంలో ఒక రకంగా నడుస్తుంది. ఆ మార్పు మొదట కనబడేది ఎవరికి? యంత్రం ముందున్న వాడికి. నోరు మెదపవద్దని మనం చెప్పింది సరిగ్గా అతనికే!

దీనికి విరుగుడు మంత్రంగా చాలా కంపెనీలు గోడకు ఒక సూచనల పెట్టె తగిలిస్తాయి. మేము పనిచేసిన ఒక కార్ఖానాలో కూడా అలాంటి పెట్టె ఒకటి ఉండేది. ఎర్రరంగు, ఇత్తడి తాళం. కొత్తలో అందరం ఉత్సాహంగా చీటీలు వేశాం. జవాబు రాలేదు. ఆరు నెలల తరువాత తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. ఆ తరువాత కుర్రాళ్ళు అందులో బీడీ ముక్కలు వేసేవారు. పెట్టె పెట్టడం సులభం. జవాబు చెప్పడమే కష్టం.

టొయోటా చేసిన పని

జవాబు చెప్పిన కంపెనీలలో పేరెన్నిక గన్నది జపాను టొయోటా. దీని కథ కారుతో కాదు, మగ్గంతో మొదలవుతుంది. సకిచి టొయోడా ఒక వడ్రంగి కొడుకు, 1867లో పుట్టాడు. ఇంట్లో తల్లి మగ్గం మీద పడే శ్రమను చూస్తూ పెరిగి, 1890లో మెరుగైన చెక్కమగ్గం తయారుచేశాడు. తరువాత ఎన్నో ఏళ్ళు శ్రమించి, కొడుకు కిచిరోతో కలిసి 1924లో ఒక స్వయంచాలక మగ్గం పూర్తిచేశాడు. దారం తెగితే ఆ మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. అలా ఆగని మగ్గమైతే దారం తెగినా ఆడుతూనే ఉండేది, గజాల కొద్దీ బట్ట పాడయ్యేది. అది జరగకుండా మనుషులు కాపలా ఉండవలసి వచ్చేది. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఈ మగ్గం హక్కులను కొనుక్కుంది. బట్ట నేయటంలో లోకానికి గురువునని చెప్పుకున్న దేశం ఒక వడ్రంగి కొడుకు దగ్గర పాఠం నేర్చుకుంది.

తప్పు కనబడగానే ఆగు, సరిదిద్దు, తరువాత సాగు. ఈ మగ్గం సూత్రాన్నే తరువాత టొయోటావారు కార్ల కార్ఖానాలో మనుషులకు వర్తింపజేశారు. కార్లు తయారయ్యే వరుస పొడుగునా ఒక తాడు ఉంటుంది. ఏ పనివాడికైనా ఏదైనా తేడా కనబడితే ఆ తాడు లాగవచ్చు. దీపం వెలుగుతుంది, పాట మోగుతుంది, జట్టు నాయకుడు పరుగెత్తుకొస్తాడు. ఇద్దరూ కలిసి సరిదిద్దలేకపోతే వరుస ఆగిపోతుంది. వరుస ఆగితే ఎంత నష్టమో ఆలోచించండి! అయినా ఆ అధికారం మామూలు పనివాడి చేతికిచ్చారు. ఎవడు ఆపాడని అడగరు, ఎందుకు ఆపవలసి వచ్చిందని అడుగుతారు. ఆ రెండు ప్రశ్నలకూ ఉన్న తేడాయే ఈవేళ మేము చెబుతున్న విషయమంతా.

అయితే ఈ నమ్మకం వారికి ఊరికే రాలేదు. 1950లో టొయోటా దివాలా అంచుకు వచ్చింది. ఉద్యోగాలు తీసేయబోతే పెద్ద సమ్మె జరిగింది. చాలామంది ఉద్యోగాలు పోయాయి. కంపెనీ స్థాపకుడు కిచిరో టొయోడా బాధ్యత వహించి పదవినుంచి తప్పుకున్నాడు. ఆ ఏడాదే ఆయన బంధువు ఎయిజి టొయోడా అమెరికా వెళ్ళి ఫోర్డు కార్ఖానాలు చూశాడు. అక్కడ పనివాళ్ళనుంచి సూచనలు తీసుకునే పద్ధతి ఆయనకు నచ్చింది. 1951లో దాన్ని టొయోటాలో ప్రవేశపెట్టారు. ఫోర్డులో నేర్చిన విత్తనమే, కాని ఇక్కడ వేరే రకంగా మొలకెత్తింది. ప్రతి సూచనకూ జవాబు రావాలి. చిన్నదైనా సరే, వీలైతే ఆ పనివాడే తన చేత్తో చేసి చూడాలి. స్క్రూడ్రైవరు పెట్టుకునే గూడు అరచేయి దూరం దగ్గరకు జరపటం కూడా ఒక సూచనే. ఒక్కొక్కటి చూస్తే ఏమంత గొప్ప కాదు. వేలకొద్దీ మనుషులు ఏళ్ళ తరబడి చేస్తే మాత్రం పోటీదారుడికి అందనంత దూరం పోతారు.

మనుషులు వాళ్ళే, పద్ధతి మారింది

"అది జపానువాళ్ళ గుణం, మనవల్ల కాదు" అనేవారున్నారు. వారికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ఖానా జవాబు చెబుతుంది. అది జనరల్ మోటార్స్ కంపెనీది. అక్కడ యాజమాన్యానికీ పనివాళ్ళకూ నిత్యం కయ్యమే. రోజుకు అయిదుగురిలో ఒకరు పనికి వచ్చేవారు కారట. 1982లో దాన్ని మూసేశారు. 1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే షెడ్డును నుమ్మీ అనే పేరుతో తెరిచాయి. పాత పనివాళ్ళనే చాలావరకు మళ్ళీ తీసుకున్నారు, వారి యూనియన్‌ను కూడా అలాగే ఉంచారు. పనిపద్ధతి మాత్రం టొయోటాది. చిన్న చిన్న జట్లు, తాడు లాగే అధికారం, తమ పనిని తామే కొలిచి మెరుగుపరుచుకునే వీలు. రెండేళ్ళు తిరిగేసరికి అమెరికాలోని మంచి కార్ల కార్ఖానాలలో అది ఒకటయింది. పనికి ఎగ్గొట్టేవారు బాగా తగ్గిపోయారు. "వీళ్ళు పనికిరాని మనుషులు" అన్న మాట ఎంత అన్యాయమో తేలిపోయింది.

ఇక్కడ ఇంకొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన విషయానికి ప్రాణం లాంటిది. పనివాడికి ఒక భయం ఉంటుంది. "పది మంది చేసే పని ఎనిమిది మందితో ఎలా చేయవచ్చో నేనే చెప్పాననుకో, రేపు పోయే ఇద్దరిలో నేనొకణ్ణి కాదని ఏమిటి నమ్మకం?" ఈ భయం మూర్ఖత్వం కాదు, న్యాయమైనదే. తన అన్నంలో తానే మన్ను పోసుకోమంటే ఎవడు పోసుకుంటాడు? నుమ్మీలో ఈ భయానికి కాగితం మీద జవాబిచ్చారు. కంపెనీ నిలబడుతుందా లేదా అన్నంత కష్టం వస్తే తప్ప ఉద్యోగాలు తీయమని యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నారు. 1987, 88 సంవత్సరాలలో అమ్మకాలు బాగా పడిపోయాయి. అయినా మనుషులను ఇంటికి పంపలేదు. మిగిలినవారిని శిక్షణకూ, పనిని మెరుగుపరిచే జట్లలోకీ పంపారు. అప్పటినుంచి పనివాళ్ళు మాటను నమ్మారు. ఆ కార్ఖానా 2010లో మూతపడింది. దానికి కారణాలు వేరు, అది పనివాళ్ళు నేర్చుకోలేక జరిగింది కాదు.

కాబట్టి మేము యజమానులకు చెప్పేది ఒక్కటే. పనివాడి తెలివి కావాలంటే ముందు అతని కూడుకు భరోసా ఇవ్వాలి. భరోసా ఇవ్వకుండా తెలివి మాత్రం ఇమ్మనటం బేరం కాదు, దోపిడీ.

టీ తాగుతూ చెప్పుకునే మాటలు

పనివాళ్ళ జ్ఞానం ఎక్కువగా ఎక్కడ చేతులు మారుతుందో తెలుసా? క్లాసు గదిలో కాదు, టీ కొట్టు దగ్గర. జిరాక్సు కంపెనీ మెషిన్లు బాగుచేసే మెకానిక్కులతో పాటు తిరిగి, వారి పనిని జూలియన్ ఓర్ అనే పరిశోధకుడు 1980ల్లో గమనించాడు. కంపెనీవారు ఇచ్చిన లావుపాటి పుస్తకంలో ప్రతి రిపేరుకూ వరుసక్రమం రాసి ఉంది. కాని మెషిన్లు పుస్తకం ప్రకారం చెడిపోవు కదా! మెకానిక్కులు పొద్దున టిఫిన్ల దగ్గర, మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చుని కథలు చెప్పుకునేవారు. "ఆ మెషిన్ ఇలా మొరాయించింది, అసలు తప్పు అక్కడ లేదు, ఇక్కడ ఉంది" అని. పైకి చూస్తే బాతాఖానీ. నిజానికి అదే వాళ్ళ బడి.

తరువాత 1990ల్లో జిరాక్సువారు ఈ చిట్కాలను కంప్యూటరులోకి ఎక్కించే ఏర్పాటు చేసి, యురేకా అని పేరు పెట్టారు. ఒక మెకానిక్ రాసిన చిట్కాను తోటి మెకానిక్కులే పరీక్షించి ఖాయం చేస్తారు. చిట్కా కింద రాసినవాడి పేరు ఉంటుంది. డబ్బు బహుమతి పెట్టలేదు. ఎక్కడో వేరే దేశంలో ఒక మెకానిక్ ఆ చిట్కాతో మెషిన్ బాగుచేసుకుంటే, చెప్పినవాడి పేరు అతనికి తెలుస్తుంది. ఆ గౌరవమే వాళ్ళకు చాలా పెద్దది. మనిషి కడుపుకు అన్నం ఎంత అవసరమో, "ఇది ఫలానావాడు కనిపెట్టాడు" అన్న మాట కూడా అంతే అవసరం.

మన హైదరాబాదులో

దూరదేశాల మాటలే చెబుతున్నారని అనుకోకండి. జపానులో ప్రొఫెసర్ కవోరు ఇషికావా ప్రోత్సాహంతో 1962లో క్వాలిటీ సర్కిల్స్ మొదలయ్యాయి. ఆ పద్ధతి మన దేశంలో మొట్టమొదట అడుగుపెట్టింది మన హైదరాబాదులోనే. రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారంలో 1980లో మొదటి సర్కిళ్ళు ప్రారంభమయ్యాయి. దానికి పూనుకున్నవారు అక్కడి అధికారి ఎస్.ఆర్. ఉడుప గారు. ఆయనే మొదటి అధ్యక్షుడుగా 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం కూడా ఈ జంటనగరాలలోనే.

క్వాలిటీ సర్కిల్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఒకేచోట ఒకే రకం పనిచేసే ఎనిమిది, పది మంది తమ ఇష్టంతో ఒక జట్టుగా చేరతారు. వారానికి ఒక గంట కూర్చుంటారు. తమ పనిలో ఉన్న ఇబ్బందులు రాసుకుని, అందులో ఒకటి తీసుకుంటారు. ఏ ఇబ్బంది తీసుకోవాలో పైవారు చెప్పరు, జట్టే నిర్ణయించుకుంటుంది. తరువాత ఒక చేపముల్లు బొమ్మ గీస్తారు. తల దగ్గర ఇబ్బంది పేరు రాస్తారు. ఒక్కొక్క ముల్లు మీద ఒక్కొక్క కారణం: మనిషి, యంత్రం, సరుకు, పద్ధతి. ఒక్కొక్క కారణాన్నీ నిజమో కాదో లెక్కవేసి చూస్తారు. చివరికి మందు కనిపెట్టి, చేసి చూసి, పెద్ద అధికారుల ముందు తామే నిలబడి వివరిస్తారు. జీవితంలో ఎన్నడూ మైకు పట్టుకోని ఫిట్టర్ జనరల్ మేనేజరు ముందు నిలబడి బోర్డు మీద గీత గీసి చెప్పటమంటే, అది ఒక రిపేరు మాత్రమే కాదు, మనిషి తలెత్తుకోవటం కూడా.

అయితే ఇందులో ఒక చిక్కుంది. సర్కిళ్ళు ఎన్ని పెట్టామని లెక్క చూపించటానికే పెడితే, అవి మేము చెప్పిన ఎర్రపెట్టెలాగే అవుతాయి. పోటీలకు బొమ్మలు గీయించి, బహుమతి ఫోటోలు దిగి, షాపు ఫ్లోరు మీద మాత్రం పాత పద్ధతే నడిస్తే పనివాళ్ళకు ఇట్టే అర్థమైపోతుంది. వాళ్ళను మోసం చేయటం అంత సులభం కాదు.

ఆసు యంత్రం చెప్పే నీతి

ఇప్పటిదాకా కంపెనీల మాట చెప్పాం. మన తెలుగు నేలమీద ఏ కంపెనీ తోడూ లేని ఒక పనివాడి సంగతి చెప్పకపోతే మా మాట పూర్తికాదు. పోచంపల్లి పట్టుచీర నేయటానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చట్రం మీద దారాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు! భుజాలు, కళ్ళు ఏమవుతాయో మీరే ఊహించుకోండి.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు ఈ ఆసు పోసేవారు. మల్లేశం గారు ఆరో తరగతితో చదువు ఆపేసి మగ్గంలో కూర్చున్నారు. తల్లి భుజం నొప్పి చూడలేక, 1992లో ఆ చేతి కదలికను యంత్రంతో చేయించాలని మొదలుపెట్టారు. ఇంజనీరింగు చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. ఇది అయ్యే పని కాదన్నవాళ్ళే ఎక్కువ. బతుకుతెరువుకు హైదరాబాదు వచ్చి కరెంటు పని చేస్తూ, సంపాదించినదంతా యంత్రం భాగాలకు పెట్టారు. చివరి ముడి ఒకటి ఎంతకూ విడిపోలేదు. ఒక పనిచోట ఇంకేదో యంత్రం కదలిక చూసి, ఆ మర్మం పట్టుకున్నారు. 1999లో యంత్రం పూర్తయింది. తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరలో అవుతోంది. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఈ కథను చాలామంది ఒక మొనగాడి కథగా చెబుతారు. మేము ఇంకొక రకంగా చూస్తున్నాం. ఆ నొప్పి ఎక్కడుందో ఆయనకు ఇంట్లోనే తెలుసు. దారం ఎంత బిగుతుగా ఉండాలో, ఏ మేకు దగ్గర చెయ్యి ఆగాలో తెలుసు. పెద్ద చదువులవారికి అది తెలియదు, తెలుసుకోవటానికి రాలేదు కూడా. మరి ఆయనకు లేనిదేమిటి? ఒక లేత్, కొంచెం ఇనుము, వారానికి ఒక పూట తీరిక, "చేసి చూడు" అనే పెద్దమనిషి. అవి ఉంటే ఏడేళ్ళ పని రెండేళ్ళలో అయ్యేదేమో! ఆ ఏడేళ్ళూ ఆయన ఓర్చుకున్నారు కాబట్టి మనకు పేరు తెలిసింది. రెండో ఏటనే అప్పులపాలై వదిలేసినవాళ్ళు ఎందరో. వాళ్ళ యంత్రాలు మన దగ్గర లేవు, వాళ్ళ పేర్లూ లేవు. పనిపద్ధతులు బాగుండాలని మేము అనేది అందుకే. కొత్తదనం ఒక మనిషి మొండితనం మీదే ఆధారపడకూడదు.

మన షాపుల్లో ఏమి చేయవచ్చు

మన సభ్యులలో చిన్న చిన్న షాపుల యజమానులున్నారు. నలుగురు కుర్రాళ్ళను పెట్టుకుని నడిపేవారున్నారు. టొయోటా సంగతులు మనకెందుకు అనుకోవద్దు. వారు చేసినదానిలో డబ్బుతో పనిలేనివే ఎక్కువ. మాకు తోచినవి అయిదు చెబుతాం.

మొదటిది. పని ఆపి అడిగిన కుర్రాణ్ణి తిట్టవద్దు. "ఉస్తాద్, ఇక్కడేదో తేడాగా ఉంది" అన్నవాడు మీ సరుకును, మీ పేరును కాపాడుతున్నాడు. ఒకసారి చెంపదెబ్బ తిన్నవాడు రెండోసారి చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. బండి బ్రేకుల పనిలో అలా ఊరుకుంటే పోయేది ఎవరి ప్రాణం?

రెండోది. గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీయండి. వింతగా వచ్చిన ప్రతి రిపేరూ, దానికి కనిపెట్టిన ఉపాయమూ నాలుగు ముక్కల్లో రాయండి. తెలుగులోనో ఉర్దూలోనో మీ ఇష్టం. రాయటం రానివాడు చెబితే, బడికి వెళ్ళే మీ అమ్మాయి రాస్తుంది. కనిపెట్టినవాడి పేరు తప్పకుండా రాయండి. ఉస్తాదుతో పాటే ఆయన విద్య కూడా మట్టిలో కలిసిపోవటం మనం చాలాసార్లు చూశాం. ఒక్క నోటుబుక్కు ఉంటే ఆ నష్టం సగం తగ్గుతుంది.

మూడోది. వారానికి ఒక అరగంట షట్టరు దించి, అందరూ కూర్చుని టీ తాగండి. ఈ వారం ఏది విసిగించింది, ఏది రెండుసార్లు చేయవలసి వచ్చిందని అడగండి. యజమాని చివర్న మాట్లాడాలి. యజమాని ముందే చెప్పేస్తే మిగతావాళ్ళు తల ఊపటం తప్ప ఇంకేమీ చెప్పరు.

నాలుగోది. అడిగినదానికి జవాబివ్వండి. "కుదరదు, ఎందుకంటే ఇదీ కారణం" అన్నది కూడా జవాబే. మౌనం మాత్రం జవాబు కాదు.

అయిదోది. ఉపాయంవల్ల మిగిలిన డబ్బులో చెప్పినవాడికి వాటా ఇవ్వండి. ఉపాయంవల్ల పని తగ్గితే మనిషిని తీసేయవద్దు, ఇంకొక పని నేర్పండి. ఈ అయిదోది చేయకపోతే మొదటి నాలుగూ నెల రోజులకు మించి నిలబడవు.

పెద్ద కంపెనీలలో పనిచేసే మన తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ ఒక మాట. మీకు తెలిసింది చిన్నదని అనుకోకండి. చెప్పేముందు లెక్క రాసుకోండి: రోజుకు ఎన్నిసార్లు జరుగుతోంది, ఎంత సరుకు పాడవుతోంది, ఎంతసేపు పోతోంది. లెక్కతో చెప్పిన మాటను తోసెయ్యటం ఎవరికైనా కష్టం. ఒంటరిగా చెప్పటానికి భయమైతే నలుగురు కలిసి చెప్పండి. మీ ఉపాయానికి తారీకు వేసి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

మన సంఘం ప్రతి ఏటా మార్కులు బాగా తెచ్చుకున్న పిల్లలకు బహుమతులిస్తోంది. అది చాలా మంచి పని, అలాగే సాగాలి. దానితో పాటు వచ్చే ఏటినుంచి ఇంకొకటి కూడా ఇవ్వాలని కార్యవర్గం వారిని మేము కోరుతున్నాం. తన పనిలో ఏదైనా కొత్త ఉపాయం కనిపెట్టిన ఒక పనివాడికో, కుట్టుమిషన్ మీద ఏదైనా మెరుగు చేసిన ఒక తల్లికో ఇదే వేదిక మీద శాలువా కప్పండి. వారు ఏమి చేశారో వారి నోటితోనే చెప్పించండి. దాన్ని సావనీరులో వారి పేరుతో అచ్చువేయండి. చదువుకోలేదు కాబట్టి మాకేమీ తెలియదు అనే మాట మన ఇళ్ళలో క్రమంగా తగ్గిపోవటానికి అది ఒక మొదలవుతుంది.